చీనాంబరాల వెనుక నారబట్ట

(ధారావాహిక – 14వ భాగం)

గత భాగంలో పట్టు వెంట నడిచాం. పురుగులకు మల్బరీ ఆకు వేసే పల్లె ఆడవాళ్ల దగ్గర మొదలుపెట్టి, చాంగాన్ రాజమందిరాల దాకా వెళ్లాం. అక్కణ్ణించి ఒంటెల మీద ఎడారి దాటాం. మన పాత కథల్లో రాజకుమార్తెలు కట్టుకునే చీనిచీనాంబరాలు పేరులోనే ఆ దేశాన్ని మోసుకొచ్చాయని చెప్పుకున్నాం. ఒక్క మాట మాత్రం అప్పుడు దాటవేశాను. ఆ పురుగుల్ని పెంచినామె ఒంటిమీద పట్టు లేదు. ఆమె కట్టింది నార. ఆమె మొగుడూ, పిల్లలూ, అత్తగారూ కట్టింది కూడా నారే. ఈ భాగం వాళ్లది.

1975 చివర, 1976 మొదట్లో హుబేయ్ రాష్ట్రంలోని యున్‌మెంగ్ దగ్గర షుయిహూది అనే చోట పాత సమాధులు బయటపడ్డాయి. వాటిలో నాలుగో సమాధిలో రెండు సన్నటి చెక్కపలకలు దొరికాయి. రెండువైపులా సిరాతో రాసిన రాత. అవి ఉత్తరాలు. చైనాలో ఇంతవరకు దొరికిన ఇంటి ఉత్తరాల్లో వీటికన్నా పాతవి లేవు. రాసినవాళ్లు ఇద్దరు అన్నదమ్ములు: హెయ్‌ఫు, జింగ్. హెయ్‌ఫు అంటే నల్లవాడు అని అర్థం. మన ఊళ్లలో ఎండకు కమిలిన పిల్లాణ్ణి నల్లోడా అని పిలిచినట్టే. క్రీ.పూ. 223 ప్రాంతంలో చిన్ రాజ్యం చు రాజ్యం మీద యుద్ధం చేస్తుంటే, ఈ ఇద్దరూ చిన్ సైన్యంలో కాలిబంట్లు. ఉత్తరాలు ఇంట్లో ఉన్న అన్న జోంగ్ పేరిట వచ్చాయి. ఆ సమాధి అతనిదే అయివుంటుందని పండితుల ఊహ. తమ్ముళ్ల ఉత్తరాలు తనతోపాటు మట్టిలోకి తీసుకెళ్లాడు.

యుద్ధం నుంచి కొడుకు ఏం రాస్తాడు? క్షేమమా అని అడిగాడు, పేరుపేరునా అందరినీ పలకరించాడు, వెంటనే బట్టల సంగతికి వచ్చాడు. అమ్మా, మన ఆన్‌లు సంతలో గుడ్డ చవగ్గా ఉంటే కొని, పొర వేయని పల్చటి అంగీ ఒకటి కుట్టి డబ్బుతో కలిపి పంపు. గుడ్డ ప్రియంగా ఉంటే డబ్బు మాత్రం పంపు, ఇక్కడి గుడ్డతో నేనే చేసుకుంటాను అని హెయ్‌ఫు భావం. జింగ్‌ది ఇంకా ఆత్రం. ఐదారువందల నాణేలు కావాలి, మంచి గుడ్డ 2 జాంగ్‌ల 5 చిలకు తగ్గకుండా కావాలి అన్నాడు. ఎవరి దగ్గరో అప్పు చేశాడు. ఇంటి నుంచి రాకపోతే చచ్చిపోయేలా ఉన్నానని, తొందర అనే మాట మూడుసార్లు రాశాడు. జాంగ్ అంటే 10 చిలు. ఆనాటి చి దాదాపు 23 సెంటీమీటర్లు. లెక్క వేస్తే జింగ్ అడిగింది సుమారు 5.8 మీటర్లు. ఇంచుమించు మన చీర పొడుగు.

ఈ ఉత్తరాలు చదివినప్పుడల్లా నాకు యుద్ధం కన్నా సంత కనబడుతుంది. గుడ్డ ధర ఎంతో కనుక్కుని, డబ్బు పంపాలా అంగీ పంపాలా అని తేల్చుకునే తల్లి కనబడుతుంది. రాజ్యం ఆమె కొడుకుల్ని తీసుకుంది. బట్ట మాత్రం ఇవ్వలేదు, అది ఆమె సూదికే వదిలేసింది. ఆ ఇద్దరూ తిరిగి ఇల్లు చేరిన ఆనవాలు ఎక్కడా దొరకలేదు.

సామాన్యుణ్ణి చైనా భాషలో బుయి అనేవారు. బు అంటే నారగుడ్డ, యి అంటే వస్త్రం. కట్టిన బట్టే మనిషి పేరయింది. హాన్ వంశాన్ని స్థాపించిన ల్యూ బాంగ్ పల్లెటూరి మనిషి. చక్రవర్తి అయ్యాక కూడా, బుయిగా ఉండి కత్తి పట్టి రాజ్యం గెలిచానని చెప్పుకున్నాడు. తర్వాత నాలుగు శతాబ్దాలకు మంత్రి జూగె ల్యాంగ్ యువ చక్రవర్తికి తన పూర్వపు బతుకు గుర్తుచేస్తూ అదే మాట వాడాడు. దాన్ని ఎవరూ చిన్నతనంగా తీసుకోలేదు.

ఆ గుడ్డ ఎలా తయారయ్యేదో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. గంజాయి జాతి మొక్క కాండాల్ని కోసి, గుంటలో నానబెడతారు. శ్రీకాకుళం వైపు గోగునార నానబెట్టడం చూసినవాళ్లకు ఆ వాసన చెప్పక్కర్లేదు. కుళ్లిన బెరడు ఒలిచి, కడిగి, ఆరబెట్టి, గోటితో సన్నటి పోగులుగా చీల్చాలి. అసలు పని అక్కడ మొదలవుతుంది. ఒక పోగు చివర ఇంకో పోగు మొదలు ఆనించి, వేళ్లతో మెలిపెట్టి అతకాలి. దూది నుంచి దారం సాగినట్టు నార నుంచి సాగదు. మనిషే అతికి అతికి పొడుగు చెయ్యాలి. చలికాలం రాత్రుళ్లు పల్లె ఆడవాళ్లు ఒకచోట చేరి, ఒకే దీపం కింద ఈ పని చేసుకునేవారు. అందరూ చేరితే నూనె కలిసొస్తుంది, చలికి మంట కలిసొస్తుంది.

చిన్ చట్టాలు రాసిన వెదురు పలకలు కూడా షుయిహూదిలోనే దొరికాయి. అందులో గుడ్డే డబ్బు. 8 చిల పొడుగు, రెండున్నర చిల పన్నా ఉన్న గుడ్డ 11 నాణేలకు సమానం. నాసిరకం గుడ్డ చెల్లదు. ఖైదీలకిచ్చే ముతక చలి అంగీకీ లెక్క ఉంది: పెద్దదానికి 18 జిన్‌ల నార, ధర 60 నాణేలు, నడితరానికి 14 జిన్‌లు, 46 నాణేలు, చిన్నదానికి 11 జిన్‌లు, 36 నాణేలు. ఆనాటి జిన్ పావుకిలోకు కాస్త ఎక్కువ. అంటే పెద్ద అంగీ ఒక్కటే నాలుగున్నర కిలోల నార! అంత బరువు మోస్తే తప్ప చలి ఆగేది కాదు.

తాంగ్ వంశం వచ్చేసరికి గుడ్డ పన్ను పక్కా అయింది. భూమి పొందిన ప్రతి మగవాడూ ఏటా ధాన్యంతో పాటు 2 జాంగ్‌ల పట్టు, పట్టు పండని చోట 2 జాంగ్‌ల 5 చిల నారగుడ్డ ఇవ్వాలి. పైగా 3 జిన్‌ల నార. జింగ్ తల్లిని అడిగిన కొలత సరిగ్గా ఇదే. కాకపోతే ఈలోగా చి పొడుగైంది, గుడ్డ కొడుకు ఒంటికి కాక ఖజానాకు వెళ్లింది. పన్ను మగవాడి పేర పడింది, నేసింది మాత్రం ఆడది. అలా ఇప్పటి జెజ్యాంగ్ రాష్ట్రంలోని లాన్‌షి నుంచి పన్నుగా వచ్చిన నారగుడ్డ, సిరా రాతలతో సహా, ఎక్కడో ఎడారిలో ఉన్న తుర్ఫాన్ సమాధుల్లో దొరికింది. మూడువేల కిలోమీటర్ల పైచిలుకు దూరం! సైనికుల జీతాలకోసం వెళ్లిన గుడ్డ అది. లాన్‌షిలో ఏ ఇల్లాలు దాన్ని నేసిందో.

ఇక కత్తెర దగ్గరికి వద్దాం. కూర్చుని నేసే మనిషి ఒక చేత్తో నాడె విసిరి ఇంకో చేత్తో అందుకోవాలి. చేతులు ఎంత చాస్తే గుడ్డ పన్నా అంత. అరమీటరుకు అటూ ఇటూ. చైనా పల్లె అంగీ రూపం మొత్తం ఈ కొలతలోంచే పుట్టింది.

రెండు పొడుగు ముక్కలు తీసుకుంటారు. ఒక్కొక్కదాన్ని భుజం దగ్గర మడిచి, సగం ముందుకూ సగం వెనక్కూ వేలాడేలా పరుస్తారు. వెనకాల రెండింటి అంచుల్నీ కలిపి వెన్నెముక వెంట కుడతారు. భుజం మీద కుట్టన్నదే ఉండదు. పన్నా భుజం దాటి మోచేతి దరిదాపులకు వస్తుంది, అక్కడ ఇంకో ముక్క అతికితే చెయ్యి పూర్తయింది. ముందువైపు ఎడమ భాగానికి ఒక అదనపు ముక్క చేరుస్తారు, అది ఛాతీ మీదుగా కుడివైపుకు వెళ్లాలి గనుక. మెడ చుట్టూ ఒక నిలువు పట్టీ తిప్పుతారు. గుండీలు లేవు, గుడ్డతోనే చేసిన నాడాలు కుడి చంక కింద ముడిపడతాయి. ఎడమది పైన, కుడిది కింద. ఈ నియమం తప్పకూడదు. తిరగేసి కట్టేది శవానికి, అలా కట్టుకునేది సరిహద్దుకు ఆవలి జాతులవాళ్లు. పసిపిల్లకు మొదటిసారి అంగీ తొడిగినప్పుడే తల్లి చెయ్యి ఇది నేర్పేసేది.

చూడండి, ఇందులో కత్తెరకు ఎంత తక్కువ పని ఉందో! మగ్గం మీద పడిన అంచు విడిపోదు గనుక మడిచి కుట్టక్కర్లేదు. గుండ్రంగా కోసి పారేసే ముక్కలు దాదాపు లేవు. రాత్రుళ్లు పోగు అతికి అతికి చేసిన గుడ్డని మూల కత్తిరించి పారెయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది? దర్జీతనం తెలియక అలా కుట్టారని కొందరు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. గుడ్డ విలువ ఎరిగిన చేతులు వేసిన కోత అది.

లాగు ఇంకా తెలివైనది. రెండు వెడల్పాటి కాళ్లు, పైన ఒంటికి రెట్టింపు చుట్టుకొలత ఉన్న నడుంపట్టీ. పట్టీకి చవక గుడ్డ వేస్తారు, పైన అంగీ కప్పేస్తుంది కదా. వేసుకున్నాక ముందు మడత పెట్టి నడికట్టుతో బిగిస్తారు. దానికి ముందూ వెనకా తేడా లేదు. ఇవాళ ఇటు, రేపు అటు. మోకాళ్లూ పిరుదులూ సమానంగా అరుగుతాయి. బిడ్డ కడుపులో ఉన్నా అదే లాగు, కాన్పయ్యాకా అదే.

కుట్లు విప్పడానికి వీలుగా ఉండాలి. వసంతం రాగానే చలి అంగీ కుట్లు విప్పి, లోపలి కూరుడు తీసేసి, ఉతికి, మళ్లీ కుడితే రెండు పొరల అంగీ. ఎండాకాలానికి ఒక పొర తీసేస్తే పల్చటిది. పెద్దవాడికి చిరిగితే చిన్నవాడికి, ఆ తర్వాత మాసికలకు. ఇక దేనికీ పనికిరాని పేలికల్ని పిండిగంజితో పొరలు పొరలుగా తలుపుచెక్క మీద అంటించి ఎండబెడతారు. ఆ అట్టని పాదం ఆకారంలో కోసి, ఆరెతో పొడిచి, నార దారంతో దగ్గర దగ్గరగా కుడితే చెప్పు అడుగు. మధ్యవేలికి ఇత్తడి ఉంగరం తొడుక్కుని దాంతో సూదిని నెట్టాలి, ఉత్త వేలితో అయ్యే పని కాదు. మా అమ్మమ్మ బొంత కుట్టేటప్పుడు పాత చీర అంచు వదలకుండా దాచేది. ఆమెను ఆ వాకిట్లో కూర్చోబెడితే భాష రాకపోయినా పనిలో కలిసిపోయేదనిపిస్తుంది.

బిడ్డ పుడితే ఇరుగుపొరుగు ఇళ్లన్నీ తిరిగి తలో గుడ్డముక్కా అడిగి తెచ్చి, అన్నీ కలిపి అంగీ కుట్టేవారు. నూరిళ్ల అంగీ అని దాని పేరు. ఊరంతా కలిసి కప్పిన పిల్లవాణ్ణి చావు ముట్టుకోదని నమ్మకం. ఏడో నెల ఏడో రాత్రి ఆడపిల్లలు ఆకాశంలోని నేతగత్తె నక్షత్రానికి మొక్కి, వెన్నెల వెలుగులో సూదికి దారం ఎక్కించేవారు. ఎక్కితే చేతికి పనితనం వచ్చినట్టే.

చలి మాత్రం వీళ్లందరినీ ఓడించేది. కలవారికి అంగీ పొరల మధ్య పట్టుదూది ఉండేది. పేదవాడు నారపీచు కూరుకున్నాడు, అదీ లేకపోతే రెల్లుపూలు. కన్‌ఫ్యూషియస్ శిష్యుడు మిన్ జిచ్యాన్ కథ చైనాలో ప్రతి పిల్లాడికీ తెలుసు: సవతి తల్లి తన కొడుకుల అంగీల్లో మంచి కూరుడు పెట్టి, ఇతని అంగీలో రెల్లుపూలు కూరింది. చూడ్డానికి అంగీ ఉబ్బుగానే ఉంటుంది, వెచ్చదనం ఉండదు. తాంగ్, సోంగ్ కాలాల్లో కాగితంతో చేసిన బట్టలు కూడా కట్టారు. పేదలూ, సన్యాసులూ కాగితపు దుప్పటి కప్పుకుని పడుకున్నారు. శరదృతువు రాగానే ఊరూరా ఒక చప్పుడు మొదలయ్యేది. బిరుసు గుడ్డని రాతిమీద పెట్టి కర్రలతో దంచి మెత్తబరిచే చప్పుడు. సరిహద్దుల్లో ఉన్న మొగుళ్లకు చలి బట్టలు అందాలి మరి. తాంగ్ కవుల్ని ఆ చప్పుడు నిద్రపోనివ్వలేదు. అంతఃపుర స్త్రీలు సైనికులకోసం అంగీలు కుడుతుంటే, ఒకామె పద్యం రాసి అంగీలో దాచి కుట్టిందట. అది ఎవరికి చేరిందో వాడికే చక్రవర్తి ఆమెనిచ్చి పెళ్లి చేశాడట. పాత పుస్తకంలోని కథ. నిజమో కాదో గాని, కుట్టిన చేతికీ తొడిగిన ఒంటికీ మధ్య ఉన్న దూరం మాత్రం నిజం.

బట్ట దగ్గర జరిగిన అసలు పోరు వర్తకులతో. రైతుకు పట్టు దొరకదు, వర్తకుడికి దొరుకుతుంది. అది ప్రభువులకు కంటగింపు. క్రీ.పూ. 199లో ల్యూ బాంగ్ వర్తకులెవరూ జరీ పట్టు, మేలిరకం పట్టు కట్టకూడదన్నాడు. ఎవరు విన్నారు? పాతికేళ్లు తిరక్కముందే, అమ్మకానికి పెట్టిన దాసీలకు కూడా పూర్వం రాణులు కట్టినంత పట్టు తొడుగుతున్నారని జ్యా యి అనే మంత్రాంగి వాపోయాడు. సుయి చక్రవర్తి 610లో సామాన్యులకు తెలుపు, కసాయివాళ్లకూ వర్తకులకూ నలుపు అని రంగులు పంచాడు. మళ్లీమళ్లీ ఆజ్ఞలు వెలువడ్డాయంటే ఎవరూ పాటించలేదనే లెక్క.

పొడుగు అంగీకీ పొట్టి అంగీకీ మధ్య గోడ మాత్రం ఏ ఆజ్ఞా లేకుండానే నిలిచింది. వంగి పని చేసేవాడికి మోకాలు దాటని అంగీ. చదువుకున్నవాడికి మడమల దాకా. సోంగ్ కాలంలో జాంగ్ జెదువాన్ గీసిన నదీతీర నగరపు చిత్రంలో పడవ లాగేవాడు, బరువు మోసేవాడు, గాడిద తోలేవాడు, అందరూ పొట్టి అంగీలే. హాన్ కాలపు కవి సీమా శ్యాంగ్‌రు ఈ గోడనే ఆయుధం చేసుకున్నాడు. ఇనుము వ్యాపారంలో కోట్లు గడించిన జువో వాంగ్‌సున్ కూతుర్ని లేవదీసుకుపోతే మామ చిల్లిగవ్వ ఇవ్వనన్నాడు. కవి మామగారి ఊళ్లోనే సారాకొట్టు పెట్టి, భార్యను అమ్మకానికి కూర్చోబెట్టి, తాను కూలివాడి పొట్టి లాగు కట్టి వీధిలో గిన్నెలు తోమాడు. మామ పరువు మూడురోజులు కూడా ఆగలేదు. నూరుమంది పనివాళ్లనూ పదిలక్షల నాణేలనూ ఇచ్చి పంపాడు. రెండువేల ఏళ్ల తర్వాత, 1919లో, రచయిత లూ షున్ తన కొంగ్ యీజీ కథ మొత్తాన్ని ఈ పొడుగు అంగీ మీదే నిలబెట్టాడు.

నారను గద్దె దింపింది రాజులు కాదు. మన దేశం నుంచి బయల్దేరిన ఒక మొక్క. కార్పాసమనే మన మాట మలయా రేవుల్లో కపాస్ అయి, దక్షిణ చైనాలో జిబెయి అయిందని భాషావేత్తల మాట. 7వ శతాబ్దంలో మన ధాన్యకటకంలో కొన్ని నెలలుండి చదువుకున్న హ్యూయన్ త్సాంగ్, మన దేశపు బట్టల గురించి రాస్తూ, వీళ్లు గుడ్డని కోసి కుట్టరు, తెల్లటిది ఇష్టపడతారు అన్నాడు. వెన్నెముక వెంట కుట్టున్న అంగీ తొడుక్కుని పెరిగినవాడికి అది కదా వింత!

పత్తి వచ్చినా పని తెలియదు. షాంఘై దగ్గర వూనీజింగ్ అనే ఊరిది చవుడు నేల, వరి పండక పత్తి వేశారు. కానీ గింజలు చేత్తో ఒలవాలి, చిన్న వెదురు వింటితో వేలితో మీటి దూది ఏకాలి. 1295 ప్రాంతంలో హువాంగ్ దావ్‌పో అనే వయసుమళ్లిన స్త్రీ హైనాన్ దీవి నుంచి ఆ ఊరికి వచ్చింది. చిన్నప్పుడు అత్తింటి బాధలు పడలేక పడవెక్కి పారిపోయిందని ఊళ్లో చెప్పుకుంటారు. దీవిలోని లీ తెగ ఆడవాళ్ల దగ్గర ఆమె పత్తి పని నేర్చింది. గింజ తీసే యంత్రం, దూది ఏకే పెద్ద విల్లు, కాలితో తొక్కితే ఒకేసారి మూడు కదుళ్లు తిరిగే రాట్నం, రంగు దారాలతో నేత – వచ్చింది మొదలు అడిగినవారికల్లా నేర్పింది. ఆమె చనిపోతే ఊరు ఊరంతా ఏడ్చి, గుడి కట్టింది. రాజవంశాల చరిత్రల్లో ఆమెకు చోటు లేదు. తావ్ జొంగ్‌యి అనే పండితుడు 1366 నాటి తన పుస్తకంలో రాసిపెట్టబట్టి మనకు తెలిసింది. ఖజానా ఆలోగానే మేలుకుంది. 1289లోనే యువాన్ ప్రభుత్వం దక్షిణాన ఐదు చోట్ల పత్తి కచేరీలు తెరిచి ఏటికి లక్ష తానులు రాబట్టాలని నిర్ణయించింది.

పత్తికి పోగులు అతికే పని లేదు. పైగా అది చలిని ఆపుతుంది. పేదవాడి అంగీలోకి రెల్లుపూల స్థానంలో దూది వచ్చింది. ఈ మార్పుని పట్టుబట్టి దేశమంతా తెచ్చినవాడు, పేద ఇంటి నుంచి వచ్చి చక్రవర్తి అయిన జూ యువాన్‌జాంగ్. 1344 కరువులో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నాడు. పెట్టె కొనలేక చిరుగుబట్టల్లో చుట్టి పూడ్చారు. చక్రవర్తి అయ్యాక తల్లిదండ్రుల సమాధి దగ్గర నిలిపిన రాతి మీద ఆ సంగతి దాచకుండా చెక్కించాడు. 1365లో, ఇంకా సింహాసనం ఎక్కకముందే, అతని ఆజ్ఞ: 5 నుంచి 10 మూ (అక్కడి భూమి కొలత) పొలం ఉన్న ప్రతి రైతూ మల్బరీ, నార, పత్తి ఒక్కొక్కటీ అర మూ వెయ్యాలి, ఎక్కువున్నవాడు రెట్టింపు. పత్తి వెయ్యనివాడు ఒక తాను గుడ్డ కట్టాలి. 1368లో దాన్ని దేశమంతటికీ పెట్టాడు. 1381లో రైతు ఇంటివాళ్లు పట్టు కట్టవచ్చన్నాడు, వర్తకులు కూడదన్నాడు; రైతు ఇంట్లో ఒక్కడు వర్తకంలోకి దిగినా ఇంటిల్లిపాదికీ పట్టు బంద్. ఆ ఆజ్ఞలో చిన్ననాటి కసి ఉంది. చిరుగుబట్టలో పోయిన తల్లి జ్ఞాపకం కూడా ఉందని నా నమ్మకం.

హువాంగ్ దావ్‌పో పని నేర్పిన సోంగ్‌జ్యాంగ్ ప్రాంతపు మగ్గాల గుడ్డ దేశమంతా కప్పింది. నీలిమందు తొట్లు ఊరూరా వెలిశాయి. సున్నమూ సోయాపిండీ కలిపిన ముద్దను కోసిన కాగితం మీదుగా పూసి, నీలంలో ముంచితే తెల్లటి పూలు మిగిలే గుడ్డ పల్లె పెళ్లికూతురి దుప్పటి అయింది. 1637లో సోంగ్ యింగ్‌షింగ్ రాసినదాన్ని బట్టి, పదిళ్లలో ఒక్కటైనా మగ్గం లేని చోటు లేదు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లకే, 1645 వేసవిలో, బీజింగ్‌ని పట్టుకున్న మంచూలు ఒక ఆజ్ఞ వేశారు. మగవాళ్లు నుదుటి జుట్టు గొరిగించి జడ వెయ్యాలి, బట్ట తీరు మార్చాలి. తల్లి నేర్పిన ఆ చంక కింది నాడా ముడి పోయి గుండీ రాబోతోంది. ఆడవాళ్ల బట్టల్ని మాత్రం అంతగా పట్టించుకోలేదు, ఎందుకని? జ్యాంగ్‌యిన్ అనే ఊరు కోట తలుపులు మూసుకుని 80 రోజులు ఎలా నిలిచింది? అది వచ్చే భాగంలో.